మా ఇద్దరి మధ్య హిందీ

పదవీ విరమణ తరువాత జగ్గయ్యపేటలో ఉంటానని చెప్పినప్పుడు నా తోటి అధికారులెవరూ నమ్మలేదు. వాళ్ళంతా పూణేలోనో, డెహ్రాడూన్‌లోనో, సికింద్రాబాద్‌లోనో ఒకరి పక్కన ఒకరు ఇళ్ళు కొనుక్కున్నారు. సికింద్రాబాద్‌లో నాకూ ఒక ఫ్లాటు ఉంది. నా భార్య ఆ ఊళ్ళోనే పాతికేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పింది. మాకు పిల్లలు లేరు. నేను సరిహద్దుల్లో తిరుగుతుంటే ఆమె ఆ ఫ్లాటులో ఒక్కతే ఉండేది. నేను రిటైరవటానికి పద్నాలుగు నెలల ముందు ఆమె పోయింది.

ఆ ఇంటికి చేరాక నాకొక సంగతి అర్థమైంది. అక్కడ నేనెప్పుడూ సెలవు మీద వచ్చిన మనిషినే. పంచదార ఏ డబ్బాలో ఉంటుందో, గ్యాసు బండకు ఏ నంబరుకు ఫోన్ చేయాలో, పక్కింటివాళ్ళు ఎవరో నాకు తెలియదు. ఆమె ఉండగా తెలుసుకోవలసిన అవసరం రాలేదు. మూడు నెలలు ఉండి, తాళం వేసి, నేను పుట్టిన ఊరికి వచ్చేశాను.

పుట్టిన ఊరంటే ఇక్కడ నాకు ఇల్లూ పొలమూ ఉన్నాయని కాదు. మా నాన్న జగ్గయ్యపేట హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. నా పదో తరగతి దాకా ఈ ఊళ్ళో మూడు అద్దె ఇళ్ళు మారాం. ఇప్పుడు ఆ మూడూ లేవు, వాటి చోట ఫ్యాన్సీ షాపులూ మందుల దుకాణాలూ వచ్చాయి. నేనొక మేడమీది పోర్షను అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడ మొదటిరోజే అడిగింది.

"ఒక్కరేనాండి?"

"ఒక్కణ్ణేనండి."

"మరి వంట?"

"వచ్చండి."

ఆవిడ నన్ను కాసేపు చూసి, నీళ్ళ మోటారు ఏ వేళకు వేస్తారో చెప్పి కిందికి దిగిపోయింది.

పొద్దున్నే హైస్కూల్ గ్రౌండులో నడవటానికి వెళ్ళేవాణ్ణి. రిటైరైన టీచర్లు, బ్యాంకువాళ్ళు, సిమెంటు ఫ్యాక్టరీలో చేసి వచ్చినవాళ్ళు పదిమంది దాకా అక్కడ చేరేవాళ్ళు. మంచివాళ్ళే. ఆర్మీలో ఏం చేసేవాళ్ళని అడిగారు. వంతెనలు కట్టేవాణ్ణన్నాను. "కాంట్రాక్టులా అండి?" అన్నాడొకాయన. కాదు, అధికారినన్నాను. "అయితే యుద్ధం చెయ్యలేదన్నమాట" అన్నాడింకొకాయన, కాస్త నిరాశగా. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగాన్ని రెండు రౌండ్ల నడకలో చెప్పటం నాకు చేతకాలేదు. వాళ్ళ మాటలు మిర్చి పంట మీదికి, మోకాళ్ళ నొప్పుల మీదికి మళ్ళాయి. నేను రెండడుగులు వెనకగా నడుస్తూ వినేవాణ్ణి.

చెప్పగలిగి ఉంటే ఇట్లా చెప్పేవాణ్ణి. సైన్యం ముందుకు పోవాలంటే దానికంటే ముందు ఇంజనీర్లు పోవాలి. కొండచరియ విరిగి రోడ్డు తెగినా, వరదకు వంతెన పోయినా, దారిలో ఎవరైనా మందుపాతరలు పెట్టినా మమ్మల్నే పిలుస్తారు. ఇరవై రెండేళ్ళ వయసులో లెఫ్టినెంటుగా చేరి రాజస్థాన్ ఇసుకలో బోర్లు వేయించాను, కాశ్మీరులో మంచు తవ్వించి దారులు తీయించాను, చివరికి బ్రిగేడియరునై ఒక రాష్ట్రమంత ప్రాంతంలో రోడ్లూ గుడారాలూ నీళ్ళూ కరెంటూ చూసుకున్నాను. వీటన్నిటిలో నాకు ఇష్టమైన పని వంతెన.

మా వంతెనలు ఊళ్ళల్లో కనబడేలాంటివి కావు. కాంక్రీటు గట్టిపడేదాకా ఆగే తీరిక మాకుండదు. ఇనుప చట్రాలు లారీల్లో వస్తాయి. ఒక్కో చట్రాన్ని ఆరుగురు మోయాలి. వాటిని మన ఒడ్డునే పిన్నులతో ఒకదానికొకటి బిగించి, కింద రోలర్లు పెట్టి, మొత్తం వంతెనను మనుషులే ఏటి మీదికి తోస్తారు. దాని కొస అవతలి ఒడ్డును తాకేదాకా అది గాలిలోనే ఉంటుంది. తోసేవాళ్ళందరూ ఒకే ఊపు మీద ఉండాలి. ఆ ఊపు చెప్పే మనిషి గొంతు మీదే పని నడుస్తుంది. అవసరం తీరాక ఆ వంతెనను విప్పి మళ్ళీ లారీల్లో వేసుకుని వెళ్ళిపోతాం. నేను వేసినవాటిలో ఇప్పుడు ఒకటో రెండో మిగిలి ఉంటాయేమో.

ఈ ఉద్యోగంలో నేను ఎక్కువగా తలుచుకునే మనిషి ఒక హవల్దారు.

అప్పుడు నేను మేజరుని. ఈశాన్య సరిహద్దులో ఒక కంపెనీ నా కింద ఉండేది. మావాళ్ళంతా పంజాబు, గఢ్వాల్, బీహారు మనుషులు. నేను తెలుగు మాట విని తొమ్మిది నెలలైంది. అప్పట్లో ఇంటికి ఫోను చేయాలంటే కొండ దిగి సగంరోజు పోవాలి. ఒకరోజు ఏటి ఒడ్డున చట్రాలు దింపుతుంటే ఒకటి జారింది. దానికి అవతలివైపు పట్టుకున్నవాళ్ళలో ఎవరో అరిచారు.

"పట్టుకోండ్రా, జారిద్ది, కాళ్ళు తియ్!"

మోస్తున్నవాళ్ళలో ఒక్కరికీ ఆ మాట అర్థం కాలేదు. గొంతులోని తొందర మాత్రం అర్థమైంది, అందరూ ఒక్కసారిగా భుజం పెట్టారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను అటు వెళ్ళాను. కొత్తగా మా కంపెనీకి బదిలీ మీద వచ్చిన హవల్దారు. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. నన్ను చూడగానే నిటారుగా నిలబడ్డాడు.

"ఏ ఊరు మీది?" అని తెలుగులో అడిగాను.

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. "నందిగామ పక్కన సార్. మునేటి ఒడ్డున" అన్నాడు.

"నాది జగ్గయ్యపేట."

అతని మొహంలో వచ్చిన నవ్వు నాకిప్పటికీ తెలుసు. సైనికుడు అధికారిని చూసి అట్లా నవ్వడు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం గుడారాలు తనిఖీ చేస్తూ అతని దగ్గర ఆగేవాణ్ణి. ఐదు నిమిషాలు, అంతకంటే కాదు. ఒక మనిషి దగ్గర ఎక్కువసేపు ఆగితే మిగతావాళ్ళు వేరుగా అనుకుంటారు. ఆ ఐదు నిమిషాలూ మునేటి ఇసుకలో వేసే దోసపాదుల గురించి, వేదాద్రి తిరునాళ్ళ గురించి, నందిగామ బస్టాండులో మిరపకాయ బజ్జీల గురించి. అతను నిలబడే మాట్లాడేవాడు. నేను అక్కడున్న ఏదో ఒక పెట్టె మీద కూర్చునేవాణ్ణి. కూర్చోమని నేను అనలేదు. అనాలని కూడా తోచలేదు.

వంతెన తోసేటప్పుడు ఊపు చెప్పటంలో అతన్ని మించినవాడు మా రెజిమెంటులో లేడు. అందుకే ఆ తరువాత జరిగింది జరిగింది.

అక్టోబరులో పైన ఒక వాగు వంతెన కొట్టుకుపోయింది. దానికి అవతల మనవాళ్ళ కాపలా చౌకీలు ఆరో ఏడో ఉన్నాయి. మంచు పడి కనుమ మూసుకోకముందే వాళ్ళకు ఆరునెలల తిండీ కిరసనాయిలూ చేరాలి. మాకు పది రోజులు టైమిచ్చారు. రెండో రోజున హవల్దారుకి టెలిగ్రాం వచ్చింది. అమ్మకు సీరియస్, వెంటనే బయల్దేరు అని.

అప్పట్లో అట్లాంటి టెలిగ్రాములు మాకు వారానికొకటి వచ్చేవి. ఇంటిదగ్గర పెళ్ళికో, పొలం పంపకానికో మనిషి కావాలంటే తల్లికి సీరియస్ అని కొట్టించేవాళ్ళు. సగం అబద్ధమని ప్రతి అధికారికీ తెలుసు. ఏ సగమో తెలియదు. అతన్ని పిలిచాను.

"ఎనిమిది రోజులు ఆగు. వంతెన అవతలి ఒడ్డు తాకిన రోజే నిన్ను పంపిస్తా" అన్నాను.

"సరే సార్" అన్నాడు. అంతే.

టెలిగ్రాం వచ్చిన ఏడో రోజున వంతెన తోశాం. ఆ రోజంతా అతని గొంతే వినబడింది, ఒక్కసారి కూడా వణకలేదు. మర్నాడు అతను బయల్దేరాల్సిన రోడ్డు కిందెక్కడో చరియ పడి మూసుకుపోయింది. అది తీసేసరికి మరో ఐదు రోజులు. అక్కణ్ణుంచి లారీ, రైలు, మళ్ళీ రైలు. అతను ఊరు చేరేసరికి చిన్నకర్మ కూడా అయిపోయింది.

నెల తరువాత తిరిగొచ్చాడు. గుండు మీద వెంట్రుకలు ఇంకా సరిగా రాలేదు. రిపోర్టు చేయటానికి నా ఆఫీసు గుడారంలోకి వచ్చాడు. పక్కన సుబేదారు ఉన్నాడు, గుమాస్తా ఉన్నాడు. చాలా విచారంగా ఉందని, ధైర్యంగా ఉండమని హిందీలో నేనన్న మాటలు అక్షరం మరిచిపోలేదు.

"బహుత్ అఫ్‌సోస్ హువా. హిమ్మత్ రఖో."

"జీ సాబ్" అన్నాడు.

తరువాతి మాటగా రోలర్లకు గ్రీజు ఎంత కావాలో అడిగాను. అతను చెప్పాడు. సెల్యూట్ చేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం అతని గుడారం దగ్గర ఆగి, "ఎట్టా ఉన్నావ్?" అన్నాను.

"ఠీక్ హై సాబ్" అన్నాడు.

ఆ రోజునుంచి అతను నాతో తెలుగు మాట్లాడలేదు. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేవాడు. మర్యాదలో లోటు లేదు, పనిలో లోటు లేదు. సెలవు ఇవ్వనందుకు కోపమనుకున్నాను. కోపం న్యాయమే అనుకున్నాను. కొన్నాళ్ళకు నేనూ ఆగటం మానేశాను. వేసవిలో నాకు బదిలీ వచ్చింది.

ఆ తరువాత నేను లెఫ్టినెంట్ కల్నల్నయ్యాను, కల్నల్నయ్యాను, బ్రిగేడియర్నయ్యాను. గది పెద్దదవుతూ వచ్చింది, బయట కాపలా పెరుగుతూ వచ్చింది, లోపలికి ఊరికే వచ్చి కూర్చునేవాళ్ళు లేకుండా పోయారు. నేను ఒక జోకు వేస్తే అందరూ నవ్వేవాళ్ళు, అది బాగుందో లేదో నాకు తెలిసేది కాదు. ఇంటికి ఫోను చేస్తే నా భార్య, "తిన్నారా?" అనేది. ఇద్దరం ఆ రోజు ఏం తిన్నామో చెప్పుకునేవాళ్ళం. అదే మా సంసారం.

జగ్గయ్యపేటకు వచ్చిన ఏడాదికి, కళ్ళద్దాలు మార్పించుకోవటానికి నందిగామ వెళ్ళాను. డాక్టరు దగ్గర పని అయ్యాక బస్టాండుకి నడిచి వస్తుంటే ఒక సందులో ఇల్లు కడుతున్నారు. స్లాబుకు సెంట్రింగు కట్టి ఉంది. మామూలుగా అయితే ఆ పక్కకు కూడా చూసేవాణ్ణి కాదు. ఇక్కడ సెంట్రింగంటే ఒక్కొక్కటి ఒక్కో పొడుగున్న సరుగుడు బాదులు, వాటి కింద ఇటుక ముక్కలు, మేకులూ తాళ్ళూ. ఇది అట్లా లేదు. స్లాబును మోసే ఇనుప జాకీలన్నీ దారం పట్టి నిలబెట్టినట్టు ఒకే వరసలో ఉన్నాయి. ప్రతి జాకీ కింద ఒకే మందం చెక్క. అడ్డంగా, ఏటవాలుగా బిగింపులు. మిగిలిన బాదులను పొడుగుల వారీగా పేర్చి, కొసలకు ఎర్ర రంగు పూశారు. సామాను అట్లా పేర్చటం మా దగ్గర తప్ప ఎక్కడా నేర్పరు.

"మేస్త్రీ ఎవరండి?" అని అక్కడున్న పనివాణ్ణి అడిగాను.

"పైనున్నారండి. మిలట్రీ ఆయన" అన్నాడతను, పైకి కేకేశాడు.

నిచ్చెన మీద నుంచి ముందు కాళ్ళు దిగాయి, తరువాత మనిషి. జుట్టు నెరిసింది, కాస్త లావయ్యాడు. నన్ను చూసి రెండు సెకన్లు ఆగాడు. చేతిలోని సుత్తి కింద పెట్టి, మడమలు కలిపి నిలబడ్డాడు.

"జైహింద్ సాబ్."

ఎండలో, నందిగామ సందులో, లుంగీ కట్టుకున్న ముగ్గురు పనివాళ్ళ ముందు. వాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"జైహింద్" అన్నాను. తరువాత ఏమని పిలవాలో తెలియలేదు. నువ్వు అనటానికి ఇప్పుడు అతను నా కింద లేడు. "మీరు ఇక్కడే ఉంటున్నారా?" అన్నాను.

మీరు అనేసరికి అతను ఇబ్బందిగా కదిలాడు. ఇక్కడే ఇల్లు కట్టుకున్నానని, రిటైరయ్యాక సెంట్రింగు సామాను పెట్టుకున్నానని, కూతురికి పెళ్ళయిందని చెప్పాడు. అంతా హిందీలోనే. పనివాళ్ళలో ఒకడికి నవ్వొచ్చి మొహం తిప్పుకున్నాడు. నేను తెలుగులో అడగటం, అతను హిందీలో చెప్పటం. ఇరవై ఏళ్ళు దాటినా మేం ఆపిన చోటునుంచే మొదలైంది.

అయినా వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను. నిజం చెప్పాలంటే నాకు వెళ్ళటానికి ఇంకో ఇల్లు లేదు. రోలరంటే ఏమిటో, మంచులో చేతికి ఇనుము ఎట్లా అంటుకుంటుందో తెలిసిన మనిషి ఈ చుట్టుపక్కల అతనొక్కడే. ప్రతి గురువారం పల్లెవెలుగు బస్సెక్కి, చిల్లకల్లు మీదుగా నందిగామలో దిగేవాణ్ణి. ఆ రోజుకు ముందు రోజే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాణ్ణి. అతను వరండాలో నా కోసం కుర్చీ వేసి, దానికి మూడడుగుల దూరంలో నిలబడేవాడు. కూర్చోమంటే, "ఐసే హీ ఠీక్ హై సాబ్", ఇట్లాగే బాగుందని అనేవాడు. పావుగంటకు నాకే మొహమాటమై లేచేవాణ్ణి.

అతని భార్యకు ఈ ఇబ్బందులేమీ లేవు. మొదటి వారమే మజ్జిగ తెచ్చి, "తీసుకోండి అన్నయ్యగారూ, ఎండన పడొచ్చారు" అంది.

అతను వెంటనే ఆమెవైపు తిరిగి, "సాబ్‌ని అన్నయ్యంటావేంటి?" అన్నాడు, తెలుగులో. మళ్ళీ నావైపు తిరిగి, "మాఫ్ కీజియే సాబ్" అని క్షమాపణ అడిగాడు.

నన్ను అన్నయ్య అనేవాళ్ళు ఈ భూమ్మీద లేరని, ఆ మాట నాకు ఎంత బాగుందో అతనికి ఎట్లా చెప్పాలో తెలియక, "ఫర్వాలేదమ్మా" అని మజ్జిగ తాగాను.

నాలుగో వారమో ఐదో వారమో అతను దుకాణానికి వెళ్ళి ఇంకా రాలేదు. ఆమె గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "అన్నయ్యగారూ, ఒకటడుగుతా, ఏమనుకోరుగా" అంది. "ఈయన వీధిలో అందరితో మాట్లాడతారండి. పనోళ్ళతో అయితే నవ్వుతానే ఉంటారు. మీరొస్తే మాత్రం బిగుసుకుపోతారు. మీరెళ్ళాక రాత్రి అన్నం సరిగ్గా తినరు. మీకూ ఆయనకీ ఏవన్నా అయ్యిందా?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నా ఒంటరితనం తీర్చుకోవటానికి వారం వారం వచ్చి ఒక మనిషి అన్నం చెడగొడుతున్నాను. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. ఈలోపు అతను వచ్చాడు. ఆమె లోపలికి వెళ్ళింది.

"నేనొక మాట చెప్పి వెళ్ళిపోతా. ఇంక రాను" అన్నాను. "ఆ రోజు నీకు సెలవివ్వలేదు. టెలిగ్రాం అబద్ధమేమోననుకున్నా. నీ గొంతు లేకపోతే వంతెన పోదని కూడా అనుకున్నా. అమ్మని చివరిచూపు చూసుకోలేకపోయావు. తప్పు నాది. క్షమించమని అడగటానికి ఇన్నేళ్ళు పట్టింది."

వీధిలో ఆటో ఒకటి వెళ్ళింది. తరువాత అతను నెమ్మదిగా అన్నాడు.

"సెలవు సంగతి కాదు సార్."

తెలుగు. అతని గొంతులో తెలుగు నేను మరిచిపోయాను, కాస్త బొంగురుగా ఉంది.

"సెలవు మీరియ్యలేదు. మీ చోట నేనున్నా ఇయ్యను. పైన మనోళ్ళు ఆకలితో ఉంటే ఎట్టా ఇస్తాం? ఆ ఏడు రోజులూ నేనే ఉండిపోయా, మీరు బలవంతం చేసింది ఏం లేదు." చేతిలోని సంచి కింద పెట్టాడు. "తిరిగొచ్చేటప్పుడు రైల్లో నాలుగు రోజులు నేనెవరితోటీ మాట్లాడలా. క్యాంపుకి పోతే మేజర్ సార్ ఉన్నారు, ఆయన మనూరాయన, అమ్మ ఎట్టా పోయిందిరా అని అడుగుతారు, చెప్పుకుందాం అనుకున్నా. ఆ కొండ మీద తెలుగొచ్చినోళ్ళం ఇద్దరమే సార్. మీరు అఫ్‌సోస్ అన్నారు. గ్రీజు గురించి అడిగారు."

నేను తల దించుకున్నాను.

"మా అమ్మకి హిందీ రాదు సార్" అన్నాడు. "ఆమె పోయిందన్న మాట హిందీలో వినటం... నావల్ల కాలా. సరే, ఈ సారుకి హిందీయే కావాలేమో, అట్టాగే కానిద్దాం అనుకున్నా. తర్వాత అదే అలవాటైపోయింది. మానటం చేతకాలా."

అప్పుడు నేను నిజం చెప్పాను. ఎవరికీ, నా భార్యకు కూడా చెప్పని నిజం. గుడారంలో సుబేదారూ గుమాస్తా ఉన్నారు కాబట్టి హిందీలో మాట్లాడానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అది కారణం కాదు. ఆ గుండు చూశాక తెలుగులో ఒక్క మాట అన్నా, అయ్యో అన్నా, నేను ఏడ్చేవాణ్ణి. నూట ఇరవైమంది మీద అధికారిని, వాళ్ళ ముందు ఏడవకూడదనుకున్నాను. హిందీలో అయితే ఆ మాటలు నావి కావు, రూల్సు పుస్తకంలో మాటల్లాగా అప్పజెప్పగలను. అందుకే అట్లా అన్నాను.

అతను విన్నాడు. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే గేటు దాకా వచ్చాడు. సెల్యూట్ చేయలేదు.

ఆ తరువాతి గురువారం వెళ్ళలేదు. ఆ పై గురువారమూ వెళ్ళలేదు. చెప్పేశాక మనసు తేలికవుతుందంటారు, నాకు కాలేదు. పొద్దున్నే నడక, కూర, పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మేడ మీద నుంచి బజారు చూడటం. రోజులో నేను ఎన్ని మాటలు మాట్లాడానో లెక్కపెట్టొచ్చు. పాలవాడితో రెండు, ఇంటావిడతో నాలుగు. ఒకరోజు అదీ లేదు. సాయంత్రం పూట దగ్గొస్తే నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

మూడో వారంలో ఫోను మోగింది.

"సార్, శనివారం స్లాబేస్తున్నాం" అన్నాడు. "పెద్ద స్లాబు. ఒక పక్క కాంటిలీవరు ఉంది, ముందుకి ఐదడుగులు తోసుకొచ్చిద్ది. ఇంజనీరు గీసింది చూస్తే నాకెందుకో నచ్చలా. ఓసారి వచ్చి చూస్తారా?"

"వస్తా" అన్నాను.

శనివారం ఆరున్నరకల్లా నందిగామలో ఉన్నాను. కాగితం చూశాను. అతని అనుమానం నిజమే, ఆ కొసలో పై ఊచలు లోపలికి ఇంకా రెండడుగులు పోవాలి. ఇంటాయన్ను, ఇంజనీరు కుర్రాణ్ణి పిలిపించి మాట్లాడాం. ఆ కుర్రాడు మంచివాడు, ఒప్పుకున్నాడు. ఊచలు మార్చేసరికి తొమ్మిదైంది. అక్కణ్ణుంచి కాంక్రీటు కలిపే మిల్లరు తిరగటం, తట్టలు పైకి పోవటం. అతను పైన నిలబడి కేకలేస్తుంటే వరసగా నిలబడ్డ ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే ఊపులో తట్టలందించారు. నేను కింద జాకీల మధ్య తిరుగుతూ ఎక్కడైనా కుంగుతుందేమోనని చూశాను. ఎన్నేళ్ళ తరువాతో నా చొక్కా తడిసింది.

మధ్యాహ్నం అన్నాల వేళ అతని భార్య క్యారేజీ పంపించింది. అందరూ నీడన తలా ఒక చోట కూర్చున్నారు. నేనొక సిమెంటు బస్తా మీద కూర్చున్నాను. అతను క్యారేజీ విప్పి, నాకు పెట్టి, తను గోడకు ఆనుకుని నిలబడి తినబోయాడు. ఈసారి కూర్చోమనలేదు. వేరేది అడిగాను.

"మీ అమ్మ ఎట్టా ఉండేది?"

అతను ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. తరువాత పక్కనున్న చెక్క మీద, నాకు కాస్త ఎడంగా, కూర్చున్నాడు. కూర్చున్నట్టు అతను గమనించలేదనుకుంటాను.

"పొట్టిది సార్, నాలాగే" అన్నాడు. "పెరుగు తట్ట ఎత్తుకుని ఏరు దాటి నందిగామ వచ్చేది. ఎండాకాలం సరే, వానల్లో మునేరొస్తే ఒడ్డునే కూకునేది, పెరుగంతా పులిసిపోయేది. మా వాడు మిలట్రీలో వంతెనలేస్తాడు, సెలవుకొచ్చినప్పుడు దీనికి కూడా ఒకటేయిస్తా అని చెప్పేదంట అందరికీ. నిజంగానే అడిగింది సార్ ఒకసారి. నీ ఆఫీసర్ని అడగరా, నాలుగు రేకులిస్తాడేమో అని."

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. తరువాత అతను చేతిలో ముద్ద పట్టుకుని అట్లాగే చాలాసేపు చెప్పుకుపోయాడు. ఆమె పొగాకు నమలటం, ఆమెకు చీకటంటే భయం, చివరి రోజున ఆస్పత్రికి తీసుకుపోతుంటే తట్ట ఎవరికో అప్పగించి వెళ్ళటం. ఇవన్నీ అతను ఊళ్ళోవాళ్ళు చెబితే విన్నవే. కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. పనివాళ్ళు మా వైపు చూడకుండా తిన్నారు.

ఇప్పుడు నెలకు రెండు మూడుసార్లు వెళ్తాను, పని ఉంటే ముందుగా పిలుస్తాడు. స్నేహమని అనలేను. అతను నన్ను ఇంకా సార్ అనే అంటాడు, నా ముందు కాలు మీద కాలు వేసుకోడు. పనిలో ఉంటే తెలుగు ధారగా వస్తుంది. ఇంట్లో కుర్చీల మీద ఎదురెదురుగా ఉంటే మళ్ళీ ఇద్దరికీ మాటలు తడుముకోవలసి వస్తుంది. మిగతా రోజులు ఎప్పటిలాగే గడుస్తున్నాయి. గ్రౌండులో వాళ్ళతో ఇంకా రెండడుగుల వెనకే నడుస్తున్నాను.

ఆ శనివారం స్లాబు పూర్తయ్యేసరికి ఐదయింది. "మూడు వారాలు తడుపుతా ఉండాలి సార్. మధ్యలో ఒకసారి వచ్చి చూస్తారుగా" అన్నాడు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము, పక్కనున్న ఆయన కాస్త జరిగి కూర్చున్నాడు. జగ్గయ్యపేటలో దిగి, మెట్లెక్కి, తాళం తీసి, లైటు వేశాను. స్నానం చేసి అన్నం వండుకున్నాను. ఒక్కణ్ణే తిన్నాను.